ఆ అయిదుగురిలో ముగ్గురు మనవాళ్లే

ప్రశ్న: టీచరమ్మా, మాది కావలి. మా మామగారి తాత వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం తీసుకున్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఈ జనవరి ఒకటిన పిల్లలతో కలిసి, అమెరికా మిషనరీ జెవెట్ దొర వచ్చినట్టే నెల్లూరు నుంచి ఒంగోలు ప్రార్థన కొండకు వెళ్లాలనుంది. మా పదేళ్లవాడేమో "ఎవరో దొర ఎక్కిన కొండ మనమెందుకెక్కాలి?" అంటున్నాడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎలా చేయమంటారు?
– ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయి సంగతి. వాడు అడిగింది మంచి ప్రశ్న, కసురుకోకు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండెక్కింది అయిదుగురు. జెవెట్ దొర, దొరసాని, వాళ్లతో నరసు, జూలియా, రూత్. ఈ ముగ్గురూ మన తెలుగువాళ్లే. ముందటేడే అమెరికాలో, జెవెట్ దొర పనిచేసే నెల్లూరు మిషన్ మూసేద్దామా అని సభలో తర్జనభర్జన పడ్డారు. అలాంటి రోజుల్లో వీళ్లు చలిలో కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. పన్నెండేళ్లకు, 1866లో, క్లౌ దొర అనే అమెరికా మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. ఇదంతా మీవాడికి రైల్లోనే చెప్పు. కొండ మీద ఆ మూడు పేర్లూ వాడి చేతే పలికించు.

నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్ల పైమాటే. పిల్లల్ని హైవే మీద లారీల పక్కన నడిపించొద్దు. ముందురోజే రైలెక్కి వచ్చి రాత్రికి ఒంగోలులో ఆగండి. మా సంఘం పిల్లలు ఒక ఏడాది తెల్లవారి బస్సులో బయల్దేరి, ఎండెక్కాక చేరారు. నాకు ఇప్పటికీ బాధే. ఆ కొండ చీకట్లోనే ఎక్కాలమ్మా.

నా ఎనిమిదో ఏట మా అమ్మ నన్ను లాంతరు పట్టుకుని ఎక్కించింది. రాళ్లు కాళ్లకు జిల్లుమన్నాయి. పైకెళ్లాక లాంతరు ఊది ఆర్పేసి, "ఇప్పుడు చూడు" అంది. ఊరంతా నల్లగా ఉంది, తూర్పున చిన్న ఎర్ర గీత. అమ్మ యెషయా 52:7 చదవబోయి, కొండల మీద సువార్త మోసేవాని పాదాల దగ్గరికొచ్చేసరికి గొంతు పూడి ఆగిపోయింది. మిగతాది నేనే చదివాను. ఆరున్నర దాటాక సూర్యుడొచ్చాడు.

అత్తమ్మను కొండ ఎక్కించొద్దు, అలాగని ఇంట్లోనూ వదిలేయొద్దు. మధ్యాహ్నం కారు మాట్లాడుకుని గుండ్లకమ్మకు తీసుకెళ్లండి. 1876-78 కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని క్లౌ దొర జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని, పని అయ్యేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. నీళ్లలో దిగి ఇచ్చింది మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. క్లౌ దొర ఆ రోజు ఎవరికీ స్వయంగా ఇవ్వలేదు.

మీ మామగారి తాత పేరు నీ ఉత్తరంలో లేదు. అత్తమ్మకు గుర్తుండే ఉంటుంది. ఏటి ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లలకు ఆ పేరు ఆవిడ నోటే చెప్పించు. తర్వాత నాకూ రాసి పంపు.