కౌంట్లు పడిపోయిన వారం

నాన్నా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో మాట్లాడింది నాలుగు నిమిషాలు. అందులో "అంతా బాగానే ఉంది పెదనాన్నా" అని మూడుసార్లు అన్నావు. రెండో కీమో అయిన పదో రోజు కోడలమ్మాయికి జ్వరం వచ్చిందనీ, రక్తంలో తెల్లకణాల కౌంట్లు పడిపోయి అడ్మిట్ చేశారనీ, మూడో కీమో వాయిదా పడిందనీ ఆ తర్వాత మీ అమ్మ చెబితే తెలిసింది. ఫోన్‌లో చెబితే మధ్యలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

2016లో మీ పెద్దమ్మకి పెద్దపేగు ఆపరేషన్ అయిన ఆరో రోజు ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలీదు. అప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. పేగు కోసి కలిపినచోట లీకైంది. కడుపు ఉబ్బింది, జ్వరం, గుండె దడ. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి, చిన్నపేగు పైకి తెచ్చి పొట్ట మీద మలం పట్టే సంచి పెట్టాల్సి రావచ్చు అని డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి చెప్పారు. "ఆవిడకి చెప్పకండి సార్, భయపడుతుంది" అన్నాను. కాగితాల మీద సంతకం పెట్టేశాను. లోపలికెళ్లి "కుట్లు ఒకసారి చూసి సర్దుతారట" అని చెప్పాను. మర్నాడు తెలివొచ్చాక పొట్ట మీద చెయ్యి వేసుకుంటే సంచి తగిలింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒక్క మాట అంది: "నా ఒంటి మీద ఏం పెడతారో ఊరందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు."

అది నేను భయపడి చేసిన పని. ఆవిడ భయం పేరు చెప్పి నా భయం దాచుకున్నాను. కాబట్టి ఆ వరండా మాటలు మానెయ్. డాక్టరు నిన్ను పక్కకి పిలిస్తే, "తన దగ్గరే మాట్లాడదాం సార్" అను. వినే ఓపిక ఇవాళ తనకి లేకపోతే తనే చెబుతుంది, "నువ్వు విని రేపు చెప్పు" అని. అది తను నిర్ణయించుకోవాలి. అడగాల్సినవి ఇద్దరూ కలిసి ముందే రాసుకోండి. ఈ ఆలస్యం వల్ల ట్రీట్‌మెంట్‌కి తేడా ఏమైనా ఉంటుందా? ఈసారి డోసు తగ్గిస్తారా, లేక కౌంట్లు పెరిగే ఇంజెక్షన్ ఇచ్చి అదే డోసు కొనసాగిస్తారా? ఏ లక్షణం కనబడితే తెల్లారేదాకా ఆగకుండా రావాలి?

మందు పనిచేయక కీమో వాయిదా పడిందని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. వాయిదా వేసింది అందుకు కాదు. కీమో మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది. ఎముక మజ్జలో రక్తకణాలు తయారయ్యేదీ ఆ వేగంతోనే, అందుకే అవీ దెబ్బతింటాయి. మామూలుగా ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య తెల్లకణాలు బాగా అడుగుకి పోతాయి, తర్వాత మెల్లగా లేస్తాయి. అవి లేవకముందే ఇంకో డోసు వేస్తే ప్రమాదం కాబట్టి ఆగుతారు. ఇక ఆ జ్వరం ఎవరు తెచ్చారా అని ఇంట్లో పంచాయితీ పెట్టకండి. పాప జలుబు వల్లే అని మీ అమ్మ, మీ అమ్మ పూజకి పిలిచినవాళ్ల వల్లే అని నువ్వు! ఇలాంటప్పుడు చాలాసార్లు నోట్లో, పేగుల్లో ఎప్పుడూ ఉండే క్రిములే పైచేయి చేస్తాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కోసారి డాక్టర్లకీ దొరకదు. పాప ముందు జలుబు మాట అసలు ఎత్తొద్దు. ఆరేళ్ల పిల్ల, అమ్మకి తనవల్లే జ్వరం వచ్చిందని మనసులో పెట్టుకుంటుంది.

ఇంటికి పంపించాక థర్మామీటరు తలదిండు దగ్గరే ఉండాలి. 100.4 చూపించిందంటే రాత్రి రెండైనా హాస్పిటల్‌కి ఫోన్ చేసి బయల్దేరడమే. "డోలో వేసి చూద్దాం" అనొద్దు. జ్వరం దిగినట్టు కనబడుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే "కీమో పేషెంటు, జ్వరం, ఫలానా తేదీన డోసు" అని ముందే చెప్పు. లేకపోతే మామూలు జ్వరాల లైన్లో కూర్చోబెడతారు. మీ పెద్దమ్మ కీమో రోజుల్లో ఒకచోట మమ్మల్ని రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ కోపం డ్యూటీ నర్సు మీద చూపించాను. ఆ పిల్ల తప్పేం లేదు, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక నోట్‌బుక్కు పెట్టు. తేదీ, జ్వరం, ఏం తింది, ఏ మందు పడింది, ఎవరు ఏం చెప్పారు. రిపోర్టులు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకో. మధ్యలో వచ్చిన ఈ అడ్మిషన్ ఆరోగ్యశ్రీ కార్డు కిందికి వస్తుందో రాదో బిల్లు కట్టాక అడగొద్దు, ముందే హాస్పిటల్లో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని అడుగు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలు.

తిండి సంగతి. బంధువులు బొప్పాయి ఆకు రసం, వేపాకు రసం, ఇంకా ఏవేవో వాట్సాప్‌లో పంపుతారు. ఎవరితోనూ వాదించకు. "డాక్టరు గారిని అడిగి ఇస్తాం" అని చెప్పి నిజంగానే అడుగు. కౌంట్లు తక్కువున్నన్నాళ్లు పచ్చివి, బయటి జ్యూసులు వద్దు. వేడిగా వండింది పెట్టు. నోరు పూస్తే ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించమను. మీ పెద్దమ్మకి రుచి అంతా ఇనప ముక్క నాకినట్టుండేది. ఎంతసేపూ గోంగూర పచ్చడి అడిగేది, ఆ నోటితో తినలేకపోయేది. ఓ రోజు గిన్నె ముందు పెట్టమంది. తినలేదు, వాసన చూసి పక్కన పెట్టేసింది. అంత మాత్రానికే ముఖం తేటపడింది.

సంచి మార్చడం నేనే నేర్చుకున్నాను. మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, లేకపోతే బరువుకి ఊడుతుంది. చిన్నపేగు నుంచి వచ్చేది నీళ్లలా ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది. మొదట్లో సంచి అంటించే బిళ్లలో పేగుకి సరిపడా కంత కత్తిరించడం రాక అర్ధరాత్రి దుప్పట్లన్నీ తడిసేవి. ఒకసారి ఆవిడ ఏడుస్తుంటే, నేను దుప్పటి పిండుతూ "పర్లేదు, ధైర్యంగా ఉండు" అన్నాను. "ధైర్యం నాకెందుకు, పొడి దుప్పటి ఇవ్వండి" అంది. అప్పటినుంచి ధైర్యం మాట ఎత్తలేదు. నువ్వూ "పాజిటివ్‌గా ఉండు" అనకు. ఏడిస్తే ఏడవనీ. పక్కన కూర్చో, ఫోన్ చూడకుండా. ఏడు నెలల తర్వాత పేగు లోపల పెట్టేశారు. మాకలా జరిగింది కాబట్టి మీకూ అంతా అలాగే సర్దుకుంటుందని నేను చెప్పను. చెబితే మళ్లీ వరండాలో అబద్ధం ఆడినట్టే.

పలకరింపుల ఫోన్లకి మీ బావమరిదిని పెట్టు. రాత్రి ఎనిమిదింటికి ఒక మెసేజ్, అది కూడా అమ్మాయి చూసి సరేనన్నాకే పంపాలి. హాస్పిటల్‌కి వచ్చి చూస్తామనేవాళ్లని నిర్మొహమాటంగా ఆపు. కావాలంటే నా పేరు చెప్పు, పెదనాన్న రానివ్వడంలేదని. తిట్లు నేను పడతాలే.

నీ సంగతి కూడా చూసుకో. అప్పట్లో క్యాంటీన్ పూరీలు, నిద్రలేని రాత్రులు కలిసి నా షుగర్ మూడు వందలు దాటింది. అప్పుడు ఆవిడ నన్ను చూసుకోవాల్సొచ్చింది, పొట్ట మీద సంచితో. ఆ అప్పు ఇంకా తీరలేదని ఎగతాళి చేస్తుంటుంది.

గురువారం రాత్రి బండికి బయల్దేరుతున్నాను. శుక్ర, శనివారాలు రాత్రి హాస్పిటల్లో నేనుంటాను, నువ్వు ఇంటికెళ్లి పాప పక్కన పడుకో. నాకు తుమ్ము, దగ్గు ఏం లేవు. అయినా మాస్కు పెట్టుకునే వస్తాను. అమ్మాయిని ముందు అడుగు, నేను రావడం తనకి ఇష్టమేనా అని. వద్దంటే ఇంటి దగ్గరే ఉండి వంట చూస్తాను, పెసరకట్టు బాగానే పెడతాను. పెద్దమ్మ కూడా మాట్లాడతానంటోంది. నీతో కాదు, అమ్మాయితో. ఫోన్ తనకిచ్చి నువ్వు బయటికెళ్లాలట.

పెదనాన్న