తర్వాతి లైను కూడా రాయి

తమ్ముడికి,

జావా స్ట్రీముల (డేటాని ఒక్కొక్కటిగా నడిపించే ఏర్పాటు) మీద నీ వ్యాసం చదివాను. "స్ట్రీమ్‌ని లిస్టుగా మార్చడానికి మూడు దారులున్నాయి, మూడూ ఒకటే, ఏది నచ్చితే అది వాడుకోండి" అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. భాష తేటగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. అందుకే కోపం ఎక్కువొచ్చింది. ఇంత బాగా రాసేవాడు తప్పు చెబితే జనం ఇట్టే నమ్మేస్తారు.

కలెక్ట్, టులిస్ట్(), ఫర్‌ఈచ్‌లో యాడ్ చేయడం, నువ్వు చెప్పిన ఆ మూడూ ఒకటి కావు. 2014లో జావా 8తో స్ట్రీములు వచ్చినప్పుడు మన చేతికిచ్చింది కలెక్ట్(కలెక్టర్స్.టులిస్ట్()). దాన్నించి ఇప్పటికీ మామూలు అర్రేలిస్టే, అంటే తర్వాత మార్చుకోగలిగే లిస్టే వస్తుంది. కానీ డాక్యుమెంటేషన్ తెరిచి చూడు. ఆ లిస్టు ఏ రకమో, మార్చడానికి వీలవుతుందో లేదో, దేనికీ హామీ ఇవ్వమని రాసి ఉంటుంది. 2021లో జావా 16 వచ్చాక స్ట్రీమ్ మీదే నేరుగా టులిస్ట్() అని పిలవచ్చు. పొట్టిగా ఉందని అందరూ దానికి మారిపోయారు. అది ఇచ్చే లిస్టుని మార్చడం కుదరదు. మధ్యలో 2018లో జావా 10 తెచ్చిన టుఅన్‌మాడిఫయబుల్‌లిస్ట్() ఊసే నువ్వు ఎత్తలేదు. అదీ మార్చనివ్వదు, పైగా లోపల ఒక్క నల్ (విలువ లేని ఖాళీ) ఉన్నా నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ విసురుతుంది. జావా 16 వాళ్ళ టులిస్ట్() మాత్రం నల్‌ని రానిస్తుంది.

ఇవన్నీ లిస్టు తయారయ్యే కోడ్ లైనులో ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడేది తర్వాతి లైనులో. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, ఎన్నిసార్లయినా చెబుతాను: ఉదాహరణని లిస్టు తయారైన చోట ఆపకు. ఆ లిస్టుతో పాఠకుడు తర్వాత ఏం చేస్తాడో ఆ లైను కూడా రాయి. యాడ్ చేస్తాడు, సార్ట్ చేస్తాడు, ఇంకో మెథడ్‌కి పంపిస్తాడు. అతనికి కష్టం మొదలయ్యేది అక్కడే.

నేను ఉద్యోగం చేసేరోజుల్లో ఒక ప్రాజెక్టుని జావా 17కి మార్చారు. కోడ్ రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ సలహా ఇచ్చిందని పాత కలెక్ట్‌లన్నీ ఒక్క ఊపులో టులిస్ట్() చేసేశారు. కంపైల్ అయింది, టెస్టులన్నీ పాసయ్యాయి. కొన్ని వారాల తర్వాత నెలాఖరు రిపోర్టు అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్‌తో, అంటే ఈ పని కుదరదనే ఎర్రర్‌తో పడిపోయింది. ఆ రిపోర్టు మాత్రమే లిస్టు చివర మొత్తాల వరస కలుపుతుంది. లిస్టు పుట్టింది ఒక క్లాసులో, యాడ్ పిలిచింది ఎక్కడో దూరంగా ఇంకో క్లాసులో. ఎర్రర్ చూపించే చోటులో తప్పేమీ లేదు. కారణం పట్టుకోవడానికి తెల్లవార్లూ కూర్చున్నాను. ఆ రాత్రి వెతికి చదివిన ప్రతి వ్యాసమూ లిస్టు తయారుచేసి, ప్రింట్ చేసి, అయిపోయిందనిపించింది. తర్వాతి లైను రాసినవాడు ఒక్కడూ కనబడలేదు. నేను రాయడం మొదలుపెట్టింది ఆ కసితోనే.

రాస్తే మాత్రం వేశారా? మొదటి వ్యాసంలో సరిగ్గా ఆ తర్వాతి లైను గురించిన పేరానే కత్తిరించారు. "పాఠకుడికి గందరగోళం" అన్నాడు ఎడిటర్. పైగా శీర్షిక మార్చి "అయిదు చిట్కాలు" అని పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఆ కత్తిరించిన పేరాలోని సంగతే. అదింకా మర్చిపోలేదు. ఇప్పటికీ ఆ చిట్కాల ఫ్యాషన్ పోలేదు, నీ వ్యాసం మీద కూడా దాని నీడ పడింది.

నీ మూడో దారి సంగతి. బయట ఖాళీ అర్రేలిస్టు పెట్టుకుని, ఫర్‌ఈచ్‌లో ఒక్కొక్కటీ యాడ్ చేయడం. అది తీసెయ్. మామూలుగా నడిచినంతసేపూ బాగానే ఉంటుంది. ఎవరో వేగం కోసం ప్యారలల్ అని చేరుస్తారు, అంటే పనిని ఒకేసారి చాలా థ్రెడ్లకి పంచుతారు. అర్రేలిస్టు థ్రెడ్‌సేఫ్ కాదు, చాలా థ్రెడ్లు ఒకేసారి రాస్తే తట్టుకోదు కాబట్టి కొన్ని విలువలు మాయమవుతాయి, కొన్నిసార్లు ఎక్సెప్షన్ వస్తుంది, వరసా తప్పుతుంది. అదే కలెక్ట్ అయితే, మూలానికి ఒక వరస ఉన్నప్పుడు ప్యారలల్‌లో కూడా దాన్ని నిలబెడుతుంది. ఈ తేడా తెలియని పాఠకుడు నీ మాట పట్టుకుని ప్రొడక్షన్‌లో పెడతాడు.

ఇంకొకటి, నువ్వు "మార్చలేని లిస్టు కాబట్టి డేటా భద్రం" అన్నావు. తాళం లిస్టుకే గానీ లోపలి ఆబ్జెక్టులకి కాదు. కొత్తది చేర్చలేవు, ఉన్నది తీసెయ్యలేవు. కానీ మొదటి ఆబ్జెక్టుని గెట్‌తో అందుకుని దాని సెట్‌నేమ్ పిలిస్తే పేరు మారిపోతుంది. లిస్టు దగ్గర ఉండేవి ఆ ఆబ్జెక్టుల రిఫరెన్సులే. స్ట్రీమ్ వాటికి కాపీలు తియ్యదు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ గురించి రాస్తూ ఇది వదిలేస్తే ఎలా?

ఇంట్‌స్ట్రీమ్‌కి (ఉత్త అంకెల స్ట్రీమ్) టులిస్ట్() లేదనీ, ముందు అంకెల్ని ఆబ్జెక్టులుగా మార్చే బాక్స్‌డ్() పిలవాలనీ ఒక ముక్క చేర్చు. లిమిట్ లేని ఐటరేట్‌ని, అంటే విలువలు అంతులేకుండా పుట్టించే స్ట్రీమ్‌ని లిస్టు చేయబోతే మెమరీ నిండిపోతుందని కూడా.

పుస్తకం వేయొచ్చా అని అడిగావు. ఆ మాట ఇప్పుడొద్దు.

ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయి. లిస్టుని తర్వాత మార్చాల్సి ఉంటే టుకలెక్షన్(అర్రేలిస్ట్::న్యూ) అని బాహాటంగా రాయమను, చదివేవాడికి ఉద్దేశం తెలుస్తుంది. ప్రతి ఉదాహరణ కిందా యాడ్ పిలిచే లైను పెట్టు. ఒకసారి లిస్టు చేసిన స్ట్రీమ్ మీద మళ్ళీ కౌంట్() పిలిచి, వచ్చే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ కూడా చూపించు. నువ్వే రన్ చేసి, వచ్చిన ఎర్రర్‌ని ఒక్క అక్షరం మార్చకుండా దించు. ఏ జావా వెర్షన్‌లో చేశావో పైన వెయ్యి. అయ్యాక నాకు పంపు, చదివి చెబుతాను.