నెలకి ఓ 500 ఎక్స్‌ట్రా కడితే అప్పు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, అదీ మీరనుకున్న దానికన్నా ఎక్కువే, ఎందుకంటే ఎక్స్‌ట్రాగా కట్టింది వడ్డీకి పోకుండా నేరుగా అసల్లోంచి తగ్గుతుంది, ఆ తగ్గిన అసలు మీద తర్వాత ప్రతి నెలా వడ్డీ పడదు.

లక్ష అప్పు, నెలకి 2 శాతం వడ్డీ, వాయిదా 3,000 అనుకోండి. మొదటి నెల కట్టిన దాంట్లో 2,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 1,000 మాత్రమే. ఓవర్‌టైమ్ చేసో, పాత సామాను అమ్మో ఇంకో 500 కలిపారంటే అసలు 1,500 తగ్గుతుంది, అంటే ఒకటిన్నర రెట్లు. ఇలా ప్రతి నెలా కడితే 56 నెలల అప్పు 43 నెలల్లో తీరిపోతుంది, వడ్డీలో 16 వేల పైనే మిగులుతుంది.

చాలామంది ఏమనుకుంటారంటే చిన్న మొత్తాలు కట్టి లాభం లేదు, సేవింగ్స్‌లో పోగేసి పెద్ద మొత్తం అయ్యాక ఒకేసారి కడదాం అని. అక్కడ ఏడాదికి సుమారు 2.5 నుంచి 4 శాతం వస్తుంటే ఇక్కడ నెలకి 2 చొప్పున ఏడాదికి 24 శాతం పోతోంది కదా! అర్జెంటు ఖర్చులకి కొంచెం ఉంచుకుని మిగతాది వడ్డీ ఎక్కువున్న అప్పుకి కట్టేయడమే నయం. కాకపోతే కట్టేటప్పుడు ఇది అసల్లో జమ చేయండి అని అడగాలి, లేకపోతే కొందరు దాన్ని వచ్చే నెల వాయిదా కింద రాసేసుకుంటారు. ఫ్లాట్ వడ్డీ లోన్ (అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ వేసేది) అయితే ఈ లెక్క పనిచేయదు, ముందే అగ్రిమెంట్ చూసుకోండి.