చైనీస్ స్టైల్‌లో పెద్దకూర వేయిస్తే రబ్బరులా సాగుతోంది, ఎందుకు?
కిటుకంతా కోతలోనే ఉంది. మన నల్లగొండలో దొరికేది ఎక్కువగా బర్రె మాంసమే కాబట్టి కుక్కర్‌లో విజిళ్ల మీద విజిళ్లు పెట్టడం అలవాటు. 5 నిమిషాల వేపుడుకు అది కుదరదు. మాంసాన్ని కాసేపు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, కొంచెం గట్టిపడ్డాక పోగులకు అడ్డంగా పల్చగా కోయండి. పోగుల వెంట కోస్తే ఎంత వేయించినా సాగుతుంది. పావు కిలోకు పావు చెంచా తినే సోడా, చెంచా కార్న్‌ఫ్లోర్, 2 చెంచాల సోయా సాస్ పట్టించి 20 నిమిషాలు ఉంచండి. సోడా ఎక్కువైతే సబ్బు తిన్నట్టే!

కడాయిలో నూనె బాగా కాగాక మాంసాన్ని సగం సగంగా వేయండి. ఒక్కసారే కుమ్మరిస్తే నీళ్లూరి ఉడుకుతుంది, వేగదు. ఎర్రదనం పోయాక తీసి, అదే నూనెలో అల్లం, వెల్లుల్లి, క్యారెట్, క్యాప్సికం వేయండి. కూరగాయలు కరకరలాడుతుండగానే మాంసం కలిపి దించేయండి. గరం మసాలా మాత్రం వద్దు.