నలభై దాటాక మెదడు మారుతుందా అని అడిగావు కదా

అమ్మాయ్,

ఈ వయసులో ధ్యానం మొదలుపెడితే మెదడు నిజంగా మారుతుందా, లేక ఇదంతా ఉత్త మాటలేనా అని అడిగావు. మారుతుంది. అయితే దేనివల్ల మారుతుందో తెలిస్తే నీ ప్రయత్నం వృథా పోదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెద్దయ్యాక మెదడు ఇక మారదనే చాలాకాలం నమ్మారు. లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతి విను. అక్కడ లైసెన్సు రావాలంటే దాదాపు 25,000 వీధులు బుర్రకెక్కించుకోవాలి, దానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. మెదడు శాస్త్రవేత్త ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో వాళ్ల మెదళ్లను స్కాన్ చేస్తే, దారులు గుర్తుంచుకోవడంలో పనిచేసే హిప్పోక్యాంపస్ వెనుక భాగం మామూలువాళ్లకంటే పెద్దగా కనిపించింది. పుట్టుకతో అలా ఉన్నవాళ్లే డ్రైవర్లయ్యారేమో అంటావా? 2011లో శిక్షణకు ముందూ తర్వాతా పోల్చి చూశారు, పరీక్ష గట్టెక్కినవాళ్లలోనే ఆ భాగం పెరిగింది. నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది: 2004లో జర్మనీ పరిశోధకులు కొందరికి మూడు బంతులు గాల్లోకి ఎగరేసి పట్టడం మూడు నెలలపాటు నేర్పిస్తే, మెదడులో కదలికలను గమనించే చోట గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు ఎక్కువగా ఉండే పదార్థం, పెరిగింది. సాధన ఆపేసి ఇంకో మూడు నెలలయ్యేసరికి ఆ పెరిగినది చాలావరకు తగ్గిపోయింది.

ఇక ధ్యానం విషయానికొస్తే, ఎనిమిది వారాల్లో మెదడు మారిపోతుందని ఎవరైనా చెబితే తొందరపడి నమ్మకు. ఆ మాటకు ఊతమిచ్చిన 2011 నాటి అధ్యయనంలో ధ్యానం నేర్చుకున్నది 16 మందే. 2022లో ధ్యానం మీద పరిశోధన చేసే రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం రెండు వందల మందికి పైగా తీసుకుని చూస్తే మెదడు ఆకారంలో అలాంటి తేడా ఏమీ కనబడలేదు. అంతమాత్రాన లాభం లేదనుకోకు. ఆందోళన, డిప్రెషన్ కొంతమేరకు తగ్గుతాయని చాలా పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. మెదడు పరిశోధకురాలు టానియా సింగర్ బృందం జర్మనీలో తొమ్మిది నెలల శిక్షణ నడిపింది, అందులో ఏకాగ్రతకు ఒక దశ, కరుణకు ఒకటి, ఎదుటివాళ్ల ఆలోచన అర్థం చేసుకోవడానికి ఇంకొకటి. ఒక్కో శిక్షణకు మెదడులో ఒక్కో చోట మార్పు కనిపించింది. అంటే ధ్యానం అనే ఒక్క మందు లేదమ్మా, ఏది సాధన చేస్తే అదే బలపడుతుంది.

ఇది ఉల్టాగా కూడా నిజమే, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పొద్దున పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని, మిగతా రోజంతా "నన్ను ఆ మాట అన్నారే, నేను ఇలా జవాబు చెప్పాల్సిందే" అని మనసులో పదేపదే తిప్పుకుంటే, ఆ తిప్పుకోవడం కూడా సాధనే, అది పది నిమిషాలకంటే చాలా ఎక్కువసేపు జరుగుతోంది. పనిలోనో నడకలోనో అలా తిప్పుకుంటున్నట్టు తెలియగానే ధ్యాసను అరికాళ్ల మీదికి, శ్వాస మీదికి తెచ్చుకో. నా అనుభవంలో ఎక్కువ మేలు చేసింది ఈ చిన్న పనే.

కూర్చోవడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కుర్చీ అయినా పర్వాలేదు, వీపు నిటారుగా ఉంటే చాలు. శ్వాసను మార్చకుండా గమనించు. మనసు పారిపోతుంది, పారిపోయిందని తెలుస్తుంది, వెనక్కి తెచ్చుకుంటావు. నువ్వు "నాకు మనసు నిలవడం లేదు" అని బాధపడుతున్నావు చూడు, అక్కడే పొరపడుతున్నావు, వెనక్కి తెచ్చుకోవడమే కదా అసలు వ్యాయామం! ఇరవైసార్లు పారిపోతే ఇరవైసార్లు వ్యాయామం జరిగినట్టే. ఆదివారం ఒక్కరోజే గంటసేపు కూర్చునేకంటే రోజూ పది నిమిషాలే మేలు. నిద్ర తగ్గించుకుని మాత్రం చేయకు. నడక కూడా మానకు, ఏడాదిపాటు నడిచిన వృద్ధుల్లో హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగిందని 2011లోనే తేలింది.

ఒక జాగ్రత్త. కొందరికి కళ్లు మూసుకోగానే పాత భయాలు, చేదు జ్ఞాపకాలు ఉప్పెనలా వస్తాయి. నీకు అలా జరిగితే పళ్లబిగువున కూర్చోవద్దు, కళ్లు తెరిచి లేచి కాసేపు నడువు, మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకు చెప్పు. ఇప్పుడు వాడుతున్న మాత్రలు ధ్యానం బాగా కుదురుతోంది కదా అని నీ అంతట నువ్వు ఆపేయకు, ఆయనను అడిగాకే ఏదైనా.