హోటళ్ల సస్టైనబిలిటీ కోర్సులో ఇప్పుడే చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక హోటల్‌లో హౌస్‌కీపింగ్ విభాగంలో మేనేజ్‌మెంట్ ట్రైనీగా ఆఫర్ వచ్చింది. ఇంత చదివించింది గదులు సర్దడానికా అని మాకు బాధగా ఉంది. హోటళ్ల సస్టైనబిలిటీ (పర్యావరణానికీ, స్థానికులకూ హాని లేకుండా హోటల్ నడపడం) సర్టిఫికేషన్‌కు మంచి డిమాండ్ ఉందంటున్నారు. ఆఫర్ వదిలేసి ఆరు నెలల సస్టైనబిలిటీ కోర్సు చేయించాలా, ఎంబీఏ చేయించాలా? - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా మీ బెంగంతా హౌస్‌కీపింగ్ అనే మాట దగ్గరే ఉందండి. ఈ ప్రశ్న నాకు చాలామంది తల్లిదండ్రుల నుంచి వస్తుంటుంది. కోర్సు పేరు మారుతుంది, లోపలి భయం మాత్రం అదే. పిల్ల చిన్న పనిలో ఇరుక్కుపోతుందేమో, నలుగురిలో ఏం చెప్పుకోవాలి అని. ముందే చెప్తున్నాను, మీ అమ్మాయి ఇరుక్కుపోదు. ఆ ఆఫర్ మంచిది, వదలొద్దు.

ఇక సర్టిఫికేషన్ సంగతి. గ్రీన్ కీ, ఎర్త్‌చెక్, గ్రీన్ గ్లోబ్ లాంటివి హోటల్‌కు ఇచ్చే గుర్తింపులు, మనిషికి ఇచ్చేవి కావు. డెన్మార్క్‌లో 1994లో మొదలైన గ్రీన్ కీ ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. జీఎస్‌టీసీ అని అందరూ చెప్పే గ్లోబల్ సస్టైనబుల్ టూరిజం కౌన్సిల్ అయితే హోటళ్లకు నేరుగా సర్టిఫికెట్ ఇవ్వదు, ప్రమాణాలు రాస్తుంది, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలకు గుర్తింపు ఇచ్చే ఏర్పాటు చూస్తుంది. దాని శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసైతే మనిషికి ఒక సర్టిఫికెట్ వస్తుంది, నిజమే. కానీ దాని అర్థం ఆ ప్రమాణాలు ఆమెకు తెలుసు అని మాత్రమే, ఆ ప్రమాణాలు పాటిస్తున్నారా అని హోటళ్లను తనిఖీ చేసే ఆడిటర్ అయిపోయిందని కాదు. లీడ్ (LEED) పరీక్షలు పర్యావరణహిత భవనాలకు సంబంధించినవి, ఇంజినీర్లకు, ఆర్కిటెక్టులకు ఎక్కువ పనికొస్తాయి. సిలబస్, ఫీజు వివరాలు మీరు ఈపాటికే చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

ఈ దారి మీద నాకున్న అనుమానాలు కూడా దాచకుండా చెప్తాను. చాలా హోటళ్లలో సస్టైనబిలిటీకి విడిగా ఉద్యోగమే ఉండదు, ఆ పని చీఫ్ ఇంజినీర్‌కో, హౌస్‌కీపింగ్ మేనేజర్‌కో అదనంగా అంటగడతారు. విడిగా పోస్టులు ఉండేది ఎక్కువగా పెద్ద చెయిన్‌ల కార్పొరేట్ ఆఫీసుల్లో, అక్కడికి హోటల్‌లో పనిచేసి వచ్చినవాళ్లనే తీసుకోవడానికి ఇష్టపడతారు. కన్సల్టెంట్‌గా వెళ్తే ఓనర్ అడిగే మొదటి ప్రశ్న, నా కరెంటు బిల్లు ఎంత తగ్గిస్తావు అని. ఒక్క లాండ్రీ కూడా నడిపి చూడని అమ్మాయి దానికి ఏం జవాబు చెప్తుంది చెప్పండి? పైగా హోటళ్ల పేరు పక్కన పెట్టే ఇలాంటి బ్యాడ్జీలు వస్తుంటాయి, పోతుంటాయి. హోటల్ గదులు బుక్ చేసుకునే వెబ్‌సైట్ బుకింగ్ డాట్ కామ్ తన సస్టైనబుల్ బ్యాడ్జీ పథకాన్ని నెదర్లాండ్స్ వినియోగదారుల నియంత్రణ సంస్థ అభ్యంతరంతో 2024లో ఆపేసింది. అలాగని రంగం మూతపడుతుందని కాదు, ఐరోపా సమాఖ్యలో 2026 సెప్టెంబర్ 27 నుంచి ఆధారం లేని 'పర్యావరణహితం' ప్రచారాల మీద, సొంతంగా తయారుచేసుకున్న లేబుళ్ల మీద నిషేధం అమల్లోకి వచ్చేలా చట్టం చేశారు. అంటే లెక్కలు చూపించగలిగినవాళ్లకే విలువ పెరుగుతుంది.

ఆ లెక్కలు ఎక్కడ పుడతాయో తెలుసా? మీరు వద్దంటున్న ఆ హౌస్‌కీపింగ్‌లోనే చాలా వరకు. దుప్పట్లు ఎన్ని రోజులకు మారుస్తున్నారు, లాండ్రీలో నీళ్లు ఎంత వేడిగా వాడుతున్నారు, శుభ్రం చేసే కెమికల్స్ కొలిచి కలుపుతున్నారా లేక చేతికొచ్చినంత పోస్తున్నారా, చిన్న చిన్న షాంపూ సీసాల బదులు గోడకు డిస్పెన్సర్లు పెట్టారా... ఆడిటర్ వచ్చి అడిగేవి ఇవే. నెలనెలా కరెంటు, నీళ్ల రీడింగులు అడుగుతారు, వాటిని అతిథులున్న గదుల సంఖ్యతో భాగించి చూస్తారు, ఎందుకంటే హోటల్ సగం ఖాళీగా ఉన్న నెలలో బిల్లు తగ్గితే అది పొదుపు కాదు కదా. జీఎస్‌టీసీ ప్రమాణాల్లో పర్యావరణం ఒక భాగమే. సిబ్బంది జీతాలు, పని పరిస్థితులు, స్థానికులకు ఉద్యోగాలు, స్థానిక సంస్కృతి పట్ల గౌరవం కూడా ఉంటాయి. గదులు సర్దే మనుషులతో కలిసి ఒక ఏడాది నిలబడి పనిచేసిన అమ్మాయికి ఫైల్లో రాసినదానికీ అక్కడ జరిగేదానికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది, ఆ చూపు ఆరు నెలల కోర్సులో రాదు.

ఎంబీఏ ఇప్పుడే వద్దు. రెండు మూడేళ్ల అనుభవం తర్వాత చేస్తే ఉపయోగం, ఇప్పుడు చేస్తే రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే ట్రైనీ ఆఫర్ ముందు నిలబడాల్సి రావచ్చు.

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. మీరు రాసినదాంట్లో మీ బాధ ఉంది, ఎవరో చెప్పిన డిమాండ్ ఉంది, అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. ఇంటర్వ్యూకి వెళ్లి ఆ ఉద్యోగం తెచ్చుకున్నది తను. గదులు సర్దడం తక్కువ పని అని మీరు ఇంట్లో అంటుంటే, రేపు తన కింద పనిచేసేవాళ్లను ఆ పిల్ల ఏ కళ్లతో చూడాలి? దయచేసి ఆ మాట మళ్లీ తన ముందు అనకండి.

చేరనివ్వండి. చేరిన కొన్ని నెలలకు హోటల్‌లో గ్రీన్ టీమ్ (పర్యావరణ పనులు చూసే సిబ్బంది బృందం) ఉంటే అందులో చేరతానని అడగమనండి. లేకపోతే ఇంజినీరింగ్ వాళ్ల దగ్గర మీటర్ రీడింగులు నమోదు చేయడం నేర్చుకోమనండి. రెండో ఏడాది ఆ కోర్సు ఉద్యోగం చేస్తూనే చేయొచ్చు, కొన్ని హోటళ్లు ఫీజు కూడా భరిస్తాయి. ఆ తర్వాత సర్టిఫికేషన్ సంస్థలో చేరితే అనుభవమున్న ఆడిటర్ వెంట వెళ్లి పని నేర్చుకునే అవకాశం ఉంటుంది, లేదా చెయిన్ ఆఫీసుకు ప్రయత్నించవచ్చు. కోర్సు ఎక్కడికీ పోదు, ఆఫర్‌కు మాత్రం గడువు ఉంటుంది. అది ఏ తేదీ వరకో ముందు అమ్మాయిని అడగండి.