అప్పు చేసి కొత్త లెన్సు కొనేముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ పాత హెలియోస్ 44-2 లెన్సు అమ్మేసి, ఈఎంఐ మీద కొత్త సోనీ 50 ఎం.ఎం. ఎఫ్ 1.2 జీఎం లెన్సు తీసుకోమంటావా అని అడిగావు. వద్దనను. కానీ అప్పు నెత్తికెత్తుకునే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడు. హైదరాబాద్‌లో ఇలాంటి లెన్సులు రోజు అద్దెకు ఇస్తారు.

షార్ప్‌నెస్‌లో అసలు పోటీయే లేదు. జర్మనీ జైస్ కంపెనీ వాళ్ల బయోటార్ లెన్సు నమూనా మీద సోవియట్ వాళ్లు చేసిన నీ హెలియోస్‌లో ఉన్నవి 6 గాజు ఎలిమెంట్లు. 2021లో వచ్చిన జీఎంలో 14. హెలియోస్ ఎఫ్ 2 దగ్గర, అంటే పూర్తిగా తెరిచినప్పుడు, ఫొటో మధ్యలో బాగానే నిలబడుతుంది గానీ, తెల్ల చొక్కా కాలర్ మీద ఎండ పడితే దాని చుట్టూ సన్నటి పొగలాంటి వెలుగు కమ్ముతుంది. వెలుతురు వచ్చే రంధ్రాన్ని ఎఫ్ 5.6కి మూస్తే మధ్యలో తేడా వెతుక్కోవాలి. మూలల్లో మాత్రం తెలిసిపోతూనే ఉంటుంది.

నువ్వు తీసేవి ఎక్కువగా పోర్ట్రెయిట్లు కాబట్టి అసలు చూడాల్సింది వెనకాల బ్లర్. చాలామంది రెండు లెన్సులూ పూర్తిగా తెరిచి తీసి, కొత్తదాని బొకే (ఆ బ్లర్ తీరు) గొప్పదనేస్తారు. అక్కడ బ్లర్ ఎక్కువ, అంతే. అందంగా ఉందా లేదా అన్నది వేరే లెక్క. సమానంగా పోల్చాలంటే, ఫోకల్ లెంగ్త్‌ని (లెన్సు మీద ఎం.ఎం.లో రాసి ఉండేది) ఎఫ్ నంబరుతో భాగించు, రంధ్రం వెడల్పు వస్తుంది. హెలియోస్‌కి 58ని 2తో భాగిస్తే 29 ఎం.ఎం., జీఎంకి 50ని 1.2తో భాగిస్తే దాదాపు 42. జీఎంని ఎఫ్ 1.8కి మూస్తే 28కి దిగుతుంది. మనిషి ముఖం ఫ్రేములో ఒకే సైజులో పడేలా నిలబడి అప్పుడు తీయి. దూరంగా ఉన్న దీపాలు రెండింట్లోనూ ఇంచుమించు ఒకే సైజు చుక్కలుగా వస్తాయి. ఇక ఆకారం, అంచు, లోపలి నునుపు పోల్చుకోవచ్చు.

హెలియోస్ తెరిచి ఉంటే చుక్కలు మధ్యలో గుండ్రంగా ఉండి, అంచులకు పోయేకొద్దీ బాదంగింజల్లా నొక్కుకుపోతాయి, మనిషి చుట్టూ సుడి తిరుగుతున్నట్టుంటాయి. పక్కల నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురుని లెన్సు గొట్టమే కొంత కోసేయడం దీనికి ముఖ్య కారణం. ఎఫ్ 4కి వస్తే సుడి పోయి, రంధ్రాన్ని మూసే 8 బ్లేడ్ల వల్ల చుక్కలకు పలకలు తేలతాయి. జీఎంలో 11 బ్లేడ్లు కాబట్టి కాస్త మూసినా గుండ్రంగానే ఉంటాయి. నాకైతే పెళ్లి మండపం సీరియల్ బల్బుల ముందు జీఎం ప్రశాంతతే ఇష్టం, ఎండ జల్లెడ పట్టిన వేపాకుల ముందు హెలియోస్ సుడే ఇష్టం. నువ్వు రెండు చోట్లా తీసి చూడు.

ట్రైపాడ్ వాడు. రెండింటికీ మాన్యువల్ ఫోకస్, స్క్రీన్ మీద కంటిని పెద్దది చేసుకుని పట్టు. అపర్చర్ (ఆ రంధ్రం) మార్చిన ప్రతిసారీ మళ్లీ పట్టు, పాత లెన్సుల్లో మూసేటప్పుడు ఫోకస్ కాస్త జరుగుతుంది. హెలియోస్‌కి ఒక రింగుతో నంబరు ఎంచుకున్నాక రెండోది కూడా తిప్పాలి, లేకపోతే ఎఫ్ 4 అనుకున్న ఫొటో ఎఫ్ 2లోనే పడుతుంది. రా ఫైల్‌గా, అంటే కెమెరా సర్దుబాట్లు చేయని రూపంలో, తీయి. వైట్ బ్యాలెన్స్ (వెలుతురుకి తగ్గ రంగు సర్దుబాటు) రెండింటికీ ఒకే నంబరు పెట్టు. కెమెరాలో లెన్స్ కరెక్షన్లు ఆపెయ్, అవి కొత్తదానికే పనిచేస్తాయి.

అన్నిటికంటే ముందు హెలియోస్‌లోంచి టార్చి వేసి చూడు. మన విశాఖ తేమకి లోపల ఫంగస్ దారాలు పట్టి ఉంటే, లేదా గాజు మసకబారి ఉంటే, ఈ పోలికంతా వృథా. శుభ్రం చేయించాకే పెట్టుకో.

తీసినవాటిని 12 బై 18 అంగుళాల ప్రింట్లు వేయించు. స్క్రీన్ మీద వంద శాతం చేసి చూస్తే జీఎమే గెలుస్తుంది, నీ కస్టమర్లు అలా చూడరు. ఏది ఏ లెన్సుతో తీశావో వెనకాల రాయకుండా ఒక సెట్ నాకు పంపు. అత్తకి కూడా చూపించి, మేమిద్దరం ఎంచినవి ఫోన్‌లో చెప్తాం. ఈఎంఐ కాగితాల మీద సంతకం ఆ తర్వాతే.

మీ మామయ్య